కుక్కనవుతానన్న పిల్లవాడు

అలెగ్జాండర్ రస్కిన్ అనే రష్యన్ హాస్యరచయిత పుస్తకంలో ఓ పిల్లవాడు పెద్దయ్యాక రాత్రి కాపలావాణ్ణి అవుతానంటాడు. ఊరంతా పడుకున్నాక తను మేలుకుని తిరగొచ్చు కదా! కొన్నాళ్లకి ఐస్‌క్రీం బండి మీదికి మనసు పోతుంది. రెండూ చేస్తే పోలా, పగలు ఐస్‌క్రీం, రాత్రి కాపలా అనుకుంటాడు. తర్వాత రైళ్ల షంటింగ్ పని. చివరికి కుక్కనవుతానని తేల్చి, కాలితో చెవి వెనక గోక్కోవడం సాధన చేస్తాడు. జబ్బుపడ్డ కూతుర్ని నవ్వించడానికి ఓ తండ్రి చెప్పిన తన చిన్ననాటి కథలివి. రష్యన్‌లో 1961లో పుస్తకంగా వచ్చాయి, తర్వాత తెలుగులోకీ వచ్చాయి. మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివాళ్లు కూర్చుని తెలుగు చేసిన సోవియట్ పుస్తకాలు మనకి చేరిన ముఖ్యమైన దారి బెజవాడ విశాలాంధ్ర. అదే బెజవాడ పక్కన కానూరులో 1977లో, రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీగా పేరుపడ్డది మొదలైంది. డెల్టా పంట మీద మిగిలిన డబ్బు పిల్లల చదువులోకి మళ్లుతున్న రోజులవి. ఏం కావాలో పిల్లవాడే వెతుక్కోవచ్చు అనే పుస్తకమూ, ఏం కావాలో ఇంట్లో ముందే తేల్చేసే చదువూ ఒకే ఊళ్లో పక్కపక్కన పెరిగాయి. రెండోదాని సంగతి అందరికీ తెలుసు. బెంజి సర్కిల్ వైపు వెళ్తే ర్యాంకుల హోర్డింగులే చెబుతాయి. మొదటిదాని పనితనం గురించి మాత్రం మనం సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఇలాంటి పుస్తకాలు మెత్తగా ఉంటాయంటే, కష్టాలేమీ లేని లోకాన్ని చూపిస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి రస్కిన్ పుస్తకం నిండా ఓటములే. ముచ్చటైన కొత్త బంతిని ఏమవుతుందో చూద్దామని కారు కిందికి దొర్లిస్తాడు, అది కాస్తా పగిలిపోతుంది. కుక్కకి విద్యలు నేర్పబోయి కరిపించుకుంటాడు. పెద్దవాళ్లు ఎంత తంటాలు పడ్డా పియానో ఒంటపట్టదు. అయినా చదివే పిల్లకి భయం వెయ్యదు. ఎందుకంటే ఈ కథలన్నీ చెబుతున్నది ఆ పిల్లవాడే, ఇప్పుడు ఓ ఇంటి పెద్ద. అతను బతికి బట్టకట్టాడని, పైగా నవ్వుతున్నాడని పాఠకురాలికి మొదటి పేజీలోనే తెలుసు. శిల్పమంతా ఇక్కడుంది. ఓటమి చేదును కథకుడు ఏమీ తగ్గించడు, అది ఎప్పుడో దాటిపోయిన కాలంలో జరిగిందని మాత్రం గుర్తుచేస్తాడు. ఏ విద్య అబ్బింది, ఏది అబ్బలేదు అని లెక్క తేల్చడు కూడా. పియానో రాని ఆ కుర్రాడికి కథ చెప్పడం వచ్చని నిరూపించేది మన చేతిలో ఉన్న పుస్తకమే. ఉద్యోగాల అధ్యాయం చివర ఓ సైనికాధికారి వచ్చి, మరి మనిషివి కావాలని అనిపించలేదా అని అడగడం ఒక్కటే నాకు రుచించదు. కుక్క దగ్గరే ఆపేసి ఉంటే రస్కిన్ ఇంకా గొప్పగా గెలిచేవాడు.

తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన తెత్సుకో కురొయనాగి పుస్తకం ఇదే పనిని ఇంకో దారిలో చేస్తుంది. 1981 నాటి ఆ జపాన్ పుస్తకంలో, పాత రైలుపెట్టెల్లో నడిచే టోక్యో బడిలో తకాహాషి అనే పిల్లవాడుంటాడు. పొట్టి కాళ్లు, ఎదగని ఒళ్లు. ఆటల రోజున ప్రతి పోటీలోనూ అతనే మొదటివాడు. హెడ్మాస్టరు కొబయాషి ఆ ఒంటికి అనువుగా ఉండేలా ఆటల్ని ముందే కల్పించి పెట్టాడు మరి. బహుమతులు కూరగాయలు! ఎవరి ప్రతిభైనా పైకి రావాలంటే దానికి తగ్గ ఆటొకటి ఉండాలి. ఉన్న ఒకే ఒక ఆటలో ఓడినవాణ్ణి పనికిరానివాడంటే, అది ఆ ఆట గురించే చెబుతుంది. ఈ మాట కురొయనాగి ఉపన్యాసంగా చెప్పదు. మెట్ల మీద తకాహాషిని పరుగెత్తించి ఊరుకుంటుంది.

ఇవన్నీ పరాయి సరుకు, మనకి ‘చందమామ’ లేదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికని నడిపిన చక్రపాణి, 1952 నుంచి దాని వచనాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివాళ్లే. అంత శుభ్రమైన తెలుగు పిల్లలకి మరెక్కడా దొరకలేదు. కానీ చందమామ కథలో తెలివిని ఎక్కువగా రాజు పరీక్షిస్తాడు, మెచ్చుకుంటాడు, ఆస్థానంలో కొలువిస్తాడు. తెలివికి బయటి ముద్ర పడ్డాకే కథ కంచికి వెళ్తుంది. ఆ రాజు స్థానంలో ఇవాళ ర్యాంకు కూర్చుందంటే మరీ అన్యాయమేమీ కాదు. పోతే ముళ్లపూడి ‘బుడుగు’. నవ్వులో రస్కిన్‌కి ఏమాత్రం తీసిపోడు. అయితే బుడుగు పెరగడు, అతని మాటల్లోని చురక ఎక్కువగా పెద్దవాళ్లకే తగులుతుంది. పెరుగుతూ తడబడే పిల్లవాడి కథ మనకి ఇంకా తక్కువే.

బరువైన అభ్యంతరం వేరే ఉంది. దివిసీమలో రెండెకరాల కౌలు చేసుకునే ఇంట్లో పిల్లవాడు పదేళ్లపాటు తనని తాను వెతుక్కుంటానంటే కుదురుతుందా? కుదరదు. ఉప్పెనకీ అప్పుకీ మధ్య బతికేవాళ్లకి ఇంజనీరింగ్ సీటు గండం గట్టెక్కించే తెప్ప, దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఈ పుస్తకాలు సీటు వదులుకోమని ఎక్కడా అనవు. సీటు రాని పిల్లవాడికి ఆ సాయంత్రం ఇంట్లో ఏం మాట వినబడాలన్నదే వాటి గొడవ. రెండెకరాల ఇంట్లో ఆ మాట అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఓటమి ఖరీదెక్కువ. రస్కిన్‌ది సోవియట్ ప్రచారం కదా అనేవాళ్లకి జవాబు చిన్నది: కుక్కనవుతాననే కుర్రాడితో ఏ పార్టీకీ పని లేదు.

1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ చవక పుస్తకాల రాకా ఆగిపోయింది. సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ వంటి సంస్థలు పాతవి కొన్ని మళ్లీ అచ్చువేస్తున్నాయి, జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవంలో పిల్లల పుస్తకాలకి కొనేవాళ్లూ ఉన్నారు. లేనిది తెలుగు రస్కిన్. దానికి కారణం రచయితలకి చేతకాకపోవడమని నేననుకోను. ఆ పుస్తకం రాయాలంటే తండ్రి తన లెక్కల మార్కులు కూతురి ముందు ఒప్పుకోవాలి. మన ఇళ్లలో నాన్నలందరూ చిన్నప్పుడు క్లాసు ఫస్టే.