పతకాల పట్టికలో మన ఊరి పేరు

2024లో పారిస్ ఒలింపిక్స్ జరిగినన్ని రోజులూ మా ఆశ్రమ పాఠశాలలో ఉదయం ప్రార్థన అయ్యాక పతకాల పట్టికను నల్లబల్ల మీద రాసేవాళ్లం. పేపర్లో వచ్చింది వచ్చినట్టు ఎక్కించడమే మా పని. చివరికి భారతదేశం ఎదురుగా ఒక రజతం, అయిదు కాంస్యాలు, మొత్తం ఆరు, స్థానం 71 అని రాశాం. పాకిస్తాన్ ఎదురుగా ఒక స్వర్ణం, మొత్తం ఒకటి, స్థానం 62 అని రాశాం. ఏడో తరగతి పిల్లలు ఊరుకోలేదు. ఆరు పెద్దదా, ఒకటి పెద్దదా అని అడిగారు. ముందు స్వర్ణాలు లెక్క చూస్తారు, అవి సమానమైతేనే రజతాలు చూస్తారు అని చెప్పాం. ఆ లెక్క ఎవరు పెట్టారు అని మళ్లీ అడిగారు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ నాలుగు మాటలు ఆ బాకీ తీర్చడానికే.

ఒలింపిక్ చార్టర్‌లో ఒక మాట స్పష్టంగా ఉంది. ఈ పోటీలు క్రీడాకారుల మధ్య, జట్ల మధ్య జరిగేవే తప్ప దేశాల మధ్య జరిగేవి కావు. అయినా ప్రపంచమంతా చదివేది దేశాల పట్టికనే. ఆ పట్టిక కూడా ఒక్క తీరున ఉండదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణాల లెక్కలో చైనా ముందుంది, మొత్తం పతకాల లెక్కలో అమెరికా ముందుంది. అమెరికా పత్రికలు ఎక్కువగా మొత్తం లెక్కనే వేశాయి. అంటే ఒకే ఆటల్లో రెండు దేశాలూ ఫస్టు వచ్చాయి. పారిస్‌లో ఇద్దరికీ చెరి 40 స్వర్ణాలు వచ్చాయి. మొత్తంలో అమెరికాకు 126, చైనాకు 91. ఎవరికి అనుకూలమైన వరస వాళ్లు చదువుకుంటారు. మన పిల్లలు అడిగిన ప్రశ్న చిన్నదేమీ కాదు.

దేశం పరువు ఆటలోకి దిగితే ఏమవుతుందో హాకీ చరిత్రలో చూడొచ్చు. 1920లో హాకీ స్వర్ణం బ్రిటన్‌ది. 1928లో భారత జట్టు ఆమ్‌స్టర్‌డామ్‌కు వచ్చేసరికి బ్రిటన్ హాకీ జట్టును పంపలేదు. 1932లోనూ, 1936లోనూ పంపలేదు. తమ ఏలుబడిలో ఉన్నవాళ్ల చేతిలో ఓడితే తలవంపులని వెనక్కి తగ్గారని చాలామంది రాశారు. ఆ మూడుసార్లూ భారతదేశమే గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో లండన్‌లోనే ఫైనల్లో బ్రిటన్‌ను 4-0తో ఓడించింది. ఈ గెలుపు కథ మనకు బడి పుస్తకాల నుంచీ తెలుసు. ఇందులో మనవాడి కథ ఒకటి ఉంది. అది మాత్రం చాలామందికి తెలియదు.

1928 జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ దగ్గర టక్రా అనే ముండా పల్లెలో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, ఐసీఎస్ శిక్షణలో ఉన్నాడు. ఒలింపిక్స్‌కు సెలవు దొరకలేదు. సెలవు లేకుండానే వెళ్లి ఆడాడు. ఆ జట్టు అయిదు ఆటల్లో 29 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. జైపాల్ మాత్రం ఫైనల్ ఆడలేదు. జట్టులో వచ్చిన తగాదాల వల్ల ముందే వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక శిక్షణ మరో ఏడాది పొడిగిస్తామన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదులుకున్నాడు. తర్వాత ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో నిలబడి, తనను జంగ్లీ అంటారనీ, ఆ పేరుకు తాను గర్వపడుతున్నాననీ చెప్పాడు. వేల ఏళ్లుగా మా వాళ్లను దోచుకున్నారని దేశ నాయకుల ముందే చెప్పాడు.

పట్టికలో ఆ ఏడాది భారతదేశం ఎదురుగా ఒకే ఒక స్వర్ణం ఉంటుంది. దాన్ని తెచ్చిన జట్టుకు ఒక ఆదివాసీ కెప్టెన్ అని పట్టిక చెప్పదు. అది చెప్పేందుకు పెట్టినది కాదు కూడా. పట్టిక మీద మా తగవు అది కాదు. పట్టికనే చరిత్ర అనుకుని పాఠం చెబుతున్న మా మీదే ముందు మా తగవు. మేము కూడా చాలా ఏళ్లు క్విజ్‌లో "మొదటి హాకీ స్వర్ణం ఎప్పుడు?" అని అడిగి, 1928 అన్న జవాబుకు మార్కు వేసి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాం.

ఇది మన దేశానికే పరిమితమైన మాట కాదు. 1912లో స్టాక్‌హోమ్‌లో అమెరికా తరఫున పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచిన జిమ్ థోర్ప్ అక్కడి ఆదివాసీ, శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. కార్లైల్ అనే ఆదివాసీ వసతి బడిలో చదివాడు. ఆ బడిలో పిల్లల జుట్టు కత్తిరించి, వాళ్ల భాష మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. ఆశ్రమ పాఠశాలల్లో చదివి, అక్కడే పాఠాలు చెబుతున్న మాకు ఆ బడి గురించి చదివితే గుండె కలుక్కుమంటుంది. థోర్ప్ గెలిచిన పన్నెండేళ్లకు గానీ, 1924లో గానీ, అమెరికా తన ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం చేయలేదు. పతకాలు లెక్కపెట్టుకోవడానికి మాత్రం ఆ ఆలస్యం జరగలేదు.

మరుసటి ఏడాదే ఆ పతకాలు లాగేసుకున్నారు. అంతకుముందు కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్నదే నేరం. డెకథ్లాన్ స్వర్ణం రెండో స్థానంలో వచ్చిన స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్లాండర్‌కు, పెంటథ్లాన్ స్వర్ణం నార్వే ఆటగాడికి రాశారు. థోర్ప్ 1953లో చనిపోయాడు. 1983లో ఆయన పిల్లలకు పతకాల నకళ్లు ఇచ్చారు, కానీ రికార్డులో విజేతలు ఇద్దరని పెట్టారు. ఒక్కడే విజేత అని సరిచేసింది 2022లో. వీస్లాండర్ మాత్రం నిజమైన విజేత థోర్పే అని మొదటి నుంచీ అన్నాడు. ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరికి రాసిన పట్టిక తప్పని ఆ పట్టిక వల్ల లాభపడినవాడే చెప్పాడు.

పారిస్‌లోనూ అలాంటిదే చూశాం. జావెలిన్‌లో అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరి స్వర్ణం, నీరజ్ చోప్రా 89.45 మీటర్లు విసిరి రజతం గెలిచారు. టీవీల్లో అది భారత్, పాక్ పోరు. హర్యానా పల్లెలో నీరజ్ తల్లి మాత్రం స్వర్ణం గెలిచిన పిల్లవాడూ మా బిడ్డేనంది. అర్షద్ తల్లి నీరజ్ గురించి అదే మాట అంది. మా పిల్లలకు పట్టిక కంటే ముందు ఈ సంగతి చెప్పవలసింది.

2000లో సిడ్నీలో 400 మీటర్ల పరుగు గెలిచిన కాథీ ఫ్రీమన్ ఆస్ట్రేలియా ఆదివాసీ. గెలిచాక తన దేశం జెండాతో పాటు తన జనం జెండానూ పట్టుకుని మైదానం చుట్టింది. 1994 కామన్వెల్త్ క్రీడల్లో అలా పట్టుకున్నందుకు సొంత జట్టు పెద్దలే మందలించారు. ఆమె అమ్మమ్మ, చిన్నప్పుడే ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి లాక్కెళ్లిన ఆదివాసీ పిల్లల్లో ఒకరు. ఆ దోపిడీకి ఆస్ట్రేలియా పార్లమెంటులో క్షమాపణ వచ్చింది 2008లో. స్వర్ణాన్ని సొంతం చేసుకోవడం ఒక్క రాత్రి పని. క్షమాపణ చెప్పడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

ఇక మన దగ్గరి సంగతి. ఆదివాసీ పిల్లలు పుట్టుకతోనే బలంగా ఉంటారు, పరుగు వాళ్ల రక్తంలోనే ఉంది అని సభల్లో అంటుంటారు. వినడానికి పొగడ్తే. కానీ రక్తంలో ఉన్నదానికి మైదానం ఎందుకు, కోచ్ ఎందుకు, గుడ్డూ పాలూ ఎందుకు? ఆ పొగడ్తతో ఖర్చు తప్పించుకోవచ్చు. 1980లలో స్పోర్ట్స్ అథారిటీ స్పెషల్ ఏరియా గేమ్స్ అని ఒక పథకం పెట్టింది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలను పరుగు కోసం ఎంచుకుంది, కొన్నేళ్లకే ఆ పని ఆపేసింది. అదే పథకంలో రాజస్థాన్ ఆదివాసీ లింబా రామ్ విలువిద్యకు వచ్చాడు. వెదురు విల్లుతో పెరిగినవాడు 1988, 1992, 1996 ఒలింపిక్స్ మూడింటిలో ఆడాడు. నరాల జబ్బు పడ్డాక వైద్యానికి ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. పట్టికలో ఆయన పేరున ఏమీ లేదు.

ఆట నేల మారినా గెలుపు మారుతుంది. 1976లో మాంట్రియల్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ గడ్డి మీద ఆడించారు. అప్పటిదాకా ప్రతిసారీ పతకం తెచ్చిన భారత జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. ఆ గడ్డి పరచడానికి కోట్లు కావాలి. మట్టి మీద వెదురు కర్రతో ఆడే సిందేగా, సుందర్‌గఢ్ పిల్లలకు అది అందాలంటే ఎంత కాలం పడుతుంది? అయినా ఆ పల్లెల నుంచే దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడాడు. టోక్యోలో కాంస్యం గెలిచిన జట్టులో బీరేంద్ర లక్రా ఉన్నాడు. అవే ఆటల్లో మహిళల జట్టులో ఖూంటీ జిల్లా నిక్కీ ప్రధాన్, సిందేగా జిల్లా సలీమా టేటే ఆడారు. కాంస్యం కోసం ఆడిన ఆటలో బ్రిటన్ చేతిలో 4-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. పట్టికలో నాలుగుకు గడి లేదు. పారిస్‌లో మనవాళ్లు ఆరు పోటీల్లో నాలుగో స్థానంలో వచ్చారు. విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ జోడీ అందులో ఒకటి. ఆ ఆరు పోటీల్లో పడిన కష్టమూ పట్టికలో సున్నాయే.

పతకం వద్దని మేము అనడం లేదు. మన బిడ్డ మెడలో పతకం పడితే గూడెమంతా డోలు కొడతాం, ఆ రోజు అన్నం కూడా మరిచిపోతాం. కానీ దేశం గెలిచిందా లేదా అన్నది పట్టిక చూసి మేము ఒప్పుకోం. పతకం తెచ్చిన పిల్ల ఊరికి రోడ్డు వచ్చిందా, ఆ ఊళ్లో తర్వాతి పిల్లకు ఆడే చోటు ఉందా, ఓడి వచ్చిన పిల్లకు చదువూ ఉద్యోగమూ దొరికాయా, ఆ జనం అడవీ భూమీ వాళ్ల దగ్గరే ఉన్నాయా అని అడుగుతాం. జైపాల్ సింగ్ హాకీ కర్ర దించి రాజ్యాంగ సభలో అడిగిందీ ఇదే.

2028లో లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్. ఆమ్‌స్టర్‌డామ్ స్వర్ణానికి అప్పటికి నూరేళ్లు. మా బల్ల మీద పట్టిక మళ్లీ రాస్తాం, పిల్లలు అడుగుతారు కాబట్టి. ఈసారి పక్కన మరో గడి గీస్తాం. అందులో ఆడినవాళ్ల ఊరి పేరు, నాలుగో స్థానంలో వచ్చినవాళ్ల పేర్లు పిల్లలే వెతికి రాస్తారు. మిగతా బడుల్లో మన మాస్టార్లు కూడా ఈ గడి గీస్తే బాగుంటుంది.