కర్మకు అందని కొనుగోలుదారు

మియజావా కెంజి (1896–1933) మరణానంతరం 1934లో వెలువడిన ‘నమెతొకొ కొండ ఎలుగుబంట్లు’ కథను క్షమాకథగా చదవడం సులభం. ఉత్తర జపాన్‌లోని ఇవాతె కొండ అడవుల్లో ఎలుగుబంట్లను వేటాడి బతికే కొజురో, తాను కాల్చిన జంతువు ఎదుట నిలిచి, ఇది పగతో చేసిన పని కాదంటాడు. ఎలుగుగా పుట్టడం దాని కర్మమైతే ఈ వృత్తి తన కర్మమని, మరుజన్మలోనైనా ఎలుగుగా పుట్టవద్దని చెప్పుకుంటాడు. ఒక ఎలుగు రెండేళ్ల గడువు అడుగుతుంది. గడువు తీరిన నాడు అతని ఇంటిముందు నెత్తురు కక్కుకొని చచ్చిపడి ఉంటుంది. చివరకు కొజురోయే ఒక ఎలుగు దెబ్బకు మరణిస్తాడు. శవం చుట్టూ ఎలుగులు వలయంగా సాగిలపడతాయి.

ఈ దృశ్యపు వెలుగులో కథ నడుమ ఉన్న అంగడి మరుగున పడుతుంది. కొజురోకు సాగునేల లేదు. అడవి కలప ప్రభుత్వానిది. ఇది కల్పన కాదు. మెయిజీ కాలపు భూసంస్కరణల్లో తొహోకు గ్రామాల ఉమ్మడి అడవులు పెద్దయెత్తున ప్రభుత్వపరమయ్యాయి. కొడుకు, కోడలు రక్తవిరేచనాలతో పోగా, తొంభయ్యేళ్ల తల్లినీ మనుమలనూ పోషించవలసిన వాడికి మిగిలినవి ఎలుగు తోలు, పిత్తం. కొండమీద అంతటి ధీరుడు పట్నపు వర్తకుని ఎదుట ముడుచుకుపోయి, రెండు తోళ్లను రెండు యెన్‌లకు ఇచ్చి వస్తాడు. ధర అన్యాయమని అతనికి తెలుసు.

ఎలుగుకు వేటగాడంటే భయం, వేటగాడికి వర్తకుడంటే భయం. వర్తకుడు మాత్రం పట్నంలో ఉంటాడు గనుక ఎలుగు చేతికి చిక్కడు. కథలోకెల్లా పదునైన పరిశీలన ఇదే. 1918లో మాంసాహారం విడిచిన సద్ధర్మపుండరీక సూత్ర భక్తుడు, తాకట్టు వ్యాపారపు ఇంట పుట్టినవాడు, ఈ లెక్కను లోపలినుండి ఎరిగే రాశాడు.

లోపం ఆ వెంటనే వస్తుంది. ఇటువంటి వారు లోకం ముందుకు సాగేకొద్దీ తమంతట తామే మాయమవుతారని కథకుడు కోపంగా పలికి పక్కకు తప్పుకుంటాడు. చంపినవాడికీ చచ్చినదానికీ కర్మ, కొన్నవాడికి అభివృద్ధి! పాళీ అంగుత్తరనికాయం ఉపాసకునికి నిషేధించిన ఐదు వర్తకాలలో మాంసవిక్రయం ఒకటి. అంటే ధర్మం దృష్టి వేటగాని దగ్గరే ఆగదు, అంగడి వరకూ వెళుతుంది.

ఇక్కడ ఛద్దంత జాతకం గుర్తుకు రాక మానదు. అమరావతి శిల్పంలో ఏనుగు మోకరిల్లి దంతాలు కోయించుకుంటుంది. కోసేవాడు కేవలం పంపబడినవాడు. పంపిన కాశీరాణి సుభద్ద, దంతాలను చూసిన నాడే గుండె పగిలి మరణిస్తుంది. జాతకకర్త కోరికను దాని మూలం దాకా వెంబడించాడు. వేటగాని అవసరాన్ని చూడడంలో, అతని మాటకు గౌరవమివ్వడంలో కెంజి జాతకకర్తను మించాడు. తల్లీపిల్లా ఎలుగులు ఎదుటి లోయలోని తెలుపు మంచా, పువ్వా అని మాట్లాడుకుంటుండగా కొజురో సడిచేయక వెనుదిరిగే ఘట్టానికి జాతకాల్లోనూ సాటి అరుదు. కానీ వర్తకుని ఇంటికి మాత్రం కథ తిరిగి వెళ్లలేదు. కొజురో మరణించిన మూడవ రాత్రి ఎలుగులన్నీ ఆ కొండమీద చేరాయి. పట్నం నుండి ఎవరూ రాలేదు.