నమ్మదగని కథకుడు, నమ్మని సాక్షి

కథ చెప్పేవాడు మనకు నిజం చెప్పకపోతే ఆ కథను ఎట్లా చదవాలి? 1961లో అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ ఇట్లాంటి కథకుడికి 'నమ్మదగని కథకుడు' అని పేరు పెట్టాడు. అప్పటినుంచి అది విశ్వవిద్యాలయాల్లో ఒక పాఠం. కథకుడి మాటలో మతిమరుపు, దాపరికం, పొంతన లేనితనం ఉంటే అది రచయిత నేర్పు. ఎం.ఏ.లో మేమూ చదివాం, పరీక్ష రాశాం. కానీ అదే పొంతన లేనితనం మా వాడ మనిషి మాటలో కనబడితే దాన్ని నేర్పు అనరు, అబద్ధం అంటారు. మండలాఫీసులో, పోలీస్‌స్టేషన్‌లో, కోర్టులో మా మాటకు ఒక్క తేడా దొరికితే చాలు, చెప్పిందంతా కొట్టుకుపోతుంది. ఒకడి మతిమరుపు కళ ఎందుకయింది, ఇంకొకడి మతిమరుపు నేరం ఎందుకయింది? 'మిస్టర్ రోబోట్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌ను ఈ ప్రశ్న పట్టుకుని చూడాలనేదే ఈ వ్యాసం ఉద్దేశం.

1

సామ్ ఎస్మాయిల్ రూపొందించిన ఈ సీరియల్ యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లో 2015 జూన్ 24న మొదలై 2019 డిసెంబరు 22న ముగిసింది. నాలుగు సీజన్లు, 45 భాగాలు. ఎస్మాయిల్ తల్లిదండ్రులు ఈజిప్టు నుంచి వలస వచ్చినవాళ్లు. ఎలియట్ పాత్ర వేసి 2016లో ఎమ్మీ అవార్డు తీసుకున్న రామి మాలెక్ తల్లిదండ్రులూ అంతే.

ఎలియట్ పగలు కంప్యూటర్ భద్రత చూసే కంపెనీలో ఉద్యోగి, రాత్రి హ్యాకర్. మనుషుల్తో కలవలేడు. మత్తుమందుకు అలవాటు పడ్డాడు. తన మనసులోని మాటలన్నీ ఒక ఊహాజనిత మిత్రుడికి చెప్పుకుంటాడు. ఆ మిత్రుడు మనమే, అంటే ప్రేక్షకులం. ప్రపంచంలో వినియోగదారుల అప్పుల్లో 70 శాతం చేతిలో పెట్టుకున్న 'ఈ కార్ప్' అనే కంపెనీని అతను 'ఈవిల్ కార్ప్' అని పిలుచుకుంటాడు. అప్పటినుంచి టీవీ వార్తల్లో, ఆ కంపెనీ మనుషుల నోళ్లలో కూడా మనకు 'ఈవిల్ కార్ప్' అనే వినబడుతుంది. అంటే మనం అతని చెవుల్తో వింటున్నాం. ఆ చెవుల్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే తర్వాత కథంతా.

మొదటి సీజన్‌లోనే దెబ్బ తగుల్తుంది. తనను నడిపిస్తున్న మిస్టర్ రోబోట్ ఎప్పుడో చనిపోయిన నాన్న రూపం, తన బుర్రలో పుట్టినవాడు. తోటి హ్యాకర్ డార్లీన్ సొంత చెల్లెలు. ఆ సంగతే అతను మరిచిపోయాడు. రెండో సీజన్‌లో అమ్మ ఇంట్లో ఉన్నానని మనకు చెబుతూ వస్తాడు. ఏడో భాగంలో తెలుస్తుంది, అది ఇల్లు కాదు జైలు. ఇన్నిసార్లు మోసపోయినా ప్రేక్షకులు అతన్ని వదల్లేదు. ఇంకా ప్రేమించారు. ఇంత అబద్ధం చెప్పేవాడికి లోపల ఎంత గాయం ఉందో అని జాలిపడ్డారు. ఈ జాలి దగ్గరే నేను ఆగిపోయాను. ఇది ఎవరికి దొరుకుతుంది?

2

నెల్లూరు తీరంలో మాకు రెండెకరాల డీకేటీ భూమి ఉండేది. 1990ల మొదట్లో తీరమంతా రొయ్యల గుంటలు తవ్వుతున్నప్పుడు ఊళ్లో ఒక పెద్దాయన దాన్ని లీజుకు తీసుకున్నాడు. నాయన కాగితం మీద వేలిముద్ర వేశాడు. గడువు మూడేళ్లని నాయన మాట. కాగితంలో వేరే ఉంది. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి చేతులు మారకూడదని 1977 చట్టం అప్పట్లో చెప్పింది. సాగుభూముల్ని, ఉప్పు కయ్యల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండూ మా వైపే ఉన్నాయి. భూమి మాత్రం మా వైపు లేదు.

నేను పదో తరగతిలో ఉండగా అర్జీ రాసి నాయన వెంట ఒక ఆఫీసుకు పోయాను. లీజుకు ఎప్పుడు ఇచ్చావని అధికారి అడిగాడు. "రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చిన దానికి ముందేడు సారూ" అన్నాడు నాయన. రెండోసారి పోయినప్పుడు "మా చిన్నపిల్ల పుట్టిన ఏడు" అన్నాడు. మూడోసారి "తుపానుకి ఇల్లు పడిపోయినాక" అన్నాడు. అధికారి ఫైలు మూసేసి, "ఏందయ్యా, పూటకో మాట చెప్తా ఉండావు, దేన్ని నమ్మమంటావు?" అన్నాడు. నాయన చేతులు కట్టుకుని, "ఏలిముద్ర ఏసింది నిజం సారూ, దాంట్లో ఏం రాసుండారో నాకేం తెలుసు" అన్నాడు. అర్జీ అక్కడితో సరి.

ఎలియట్ కూడా తన చిన్నతనం గురించి మూడు మాటలు చెబుతాడు. నాన్న తనను కిటికీలోంచి తోసేశాడని మొదట చెబుతాడు. కాదు, నువ్వే దూకావని మూడో సీజన్ చివర్లో చెల్లెలు చెబుతుంది. నాలుగో సీజన్ ఏడో భాగంలో అసలు సంగతి బయటపడుతుంది. కన్నతండ్రే ఆ పిల్లవాడి మీద అత్యాచారం చేశాడు. ఆ పిల్లవాడు మరుపు అనే గోడ కట్టుకుని బతికాడు. ఆ గదిలో డాక్టర్ క్రిస్టా అతన్ని తేదీలు అడగదు. నీ మాట మారిందని తప్పు పట్టదు. అతను చెప్పగలిగిన దగ్గర్నుంచే మొదలుపెట్టి వింటుంది. మూడు మాటల్లో తేడా ఉంది, కానీ మూడింట్లోనూ ఆ ఇల్లు పిల్లవాడికి క్షేమం కాదన్న సంగతి ఉంది. నాయన మూడు మాటల్లోనూ వేలిముద్ర ఉంది, చదవలేని కాగితం ఉంది. ఆయన లెక్క క్యాలెండరు లెక్క కాదు, రోగాల్తో, కాన్పుల్తో, తుపాన్లతో లెక్క. ఆ లెక్క వినడం వచ్చినవాడు ఆ ఆఫీసులో లేడు.

3

ఇది మా ఒక్క ఇంటి సంగతి అయితే రాసేవాణ్ణి కాదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. పదహారేళ్ల తర్వాత 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. చావుల సమయం, స్థలం, చంపినవాళ్ల గుర్తింపు ప్రాసిక్యూషన్ సరిగా రుజువు చేయలేదంది. అప్పీళ్లు సుప్రీంకోర్టుకు పోయాయి. న్యాయశాస్త్రంలో అనుమానం ముద్దాయికి మేలు చేయాలన్న సూత్రం ఉంది. అది మంచి సూత్రమే, జైళ్లలో మగ్గే మనవాళ్లకు కూడా అదే దిక్కు. నా ప్రశ్న వేరు. పొలాల్లో తరుముతుంటే ప్రాణం అరచేత పట్టుకుని పరిగెత్తినవాడు గడియారం చూసుకుని పరిగెత్తుతాడా? భయంతో చెదిరిన జ్ఞాపకం దెబ్బ తగిలిందనడానికి గుర్తు అని మానసిక వైద్యం చెబుతోంది. కోర్టు బోనులో మాత్రం ఆ చెదురే సాక్షిని పడగొడుతుంది. గాయపడినవాడి నుంచి గాయం లేనివాడి జ్ఞాపకాన్ని అడగడం ఏం న్యాయం?

4

సీరియల్‌కు ఒక బలహీనత ఉంది. దాన్ని కూడా చెప్పుకోవాలి. ఎలియట్ మనుషుల మాట నమ్మడు, రికార్డు నమ్ముతాడు. ఎదుటివాడి ఈమెయిళ్లు, బ్యాంకు ఖాతాలు తెరిచి చూసి ఇదే అసలు మనిషి అంటాడు. ఇది హ్యాకర్ వేదాంతం. విచిత్రమేమంటే మా మండలాఫీసు వేదాంతం కూడా ఇదే. నోటిమాట అబద్ధం, రాసింది నిజం. ఈ సీరియల్ మొదలైన 2015లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మీ భూమి' పోర్టల్‌లో అడంగల్, 1బి రికార్డులు పెట్టింది. పారదర్శకత అన్నారు. కాగితంలో తప్పుంటే కంప్యూటర్లోకి ఆ తప్పే ఎక్కుతుంది, ఎక్కాక దానికి ఇంకా మర్యాద పెరుగుతుంది. రికార్డులో పేరుంటే మనిషి ఉన్నట్టేనా? మా తీరంలోనే ముత్తుకూరు మండలం నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడాయన. ఆ బోర్డు మాత్రమే చదివి పోయేవాడు ఈ తీరం దళితులదే అనుకున్నా ఆశ్చర్యం లేదు.

కథలో 2015 మే 9న ఎలియట్ బృందం ఈ కార్ప్ రికార్డులన్నిటికీ తాళం వేసి ప్రపంచం అప్పులు మాఫీ చేశామనుకుంటుంది. అప్పుపత్రాలు తగలబెట్టడం మనకు కొత్త కాదు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ ప్రాంతాల్లో రైతులు షావుకార్ల దగ్గర్నుంచి పత్రాలు లాక్కుని కాల్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో సంఘాలు దొరల ప్రోనోట్లు కాల్చాయి. అక్కడ కాల్చింది ఆ అప్పు మోసినవాళ్లు, పదిమంది కళ్లముందు. ఇక్కడ కొద్దిమంది, జనానికి చెప్పకుండా చేశారు. ఫలితం సీరియలే నిజాయితీగా చూపిస్తుంది. డబ్బు దొరక్క చితికింది పేదలే. కంపెనీ తన కాగితాలు పోగేసుకుని మళ్లీ లేచే పనిలో పడింది. చివరికి ఎలియట్ తన చేత్తోనే తాళం తీసి ఇవ్వాల్సి వచ్చింది.

పైగా ఇవాళ హ్యాకర్ విద్య ఎవరి చేతిలో ఉంది? మన దగ్గర అది అప్పిచ్చేవాడి చేతికి పోయింది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరసగా వచ్చాయి. అప్పు తీసుకున్నవాడి ఫోన్లో పేర్లన్నీ లాగేసుకుని చుట్టాలకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశారు. యాప్‌లు ఫోన్లో పేర్ల జాబితా జోలికి పోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. ఎలియట్ రాత్రిపూట చేసే పనినే వీళ్లు పగటిపూట వ్యాపారంగా చేశారు.

5

చివరి భాగంలో ఇంకో ముసుగు తొలగుతుంది. ఇన్నాళ్లు మనకు కథ చెప్పినవాడు అసలు ఎలియట్ కాదు, అతన్ని కాపాడటానికి పుట్టిన ఇంకో మనిషి. కూచుని చూస్తున్న మనమూ అతని లోపలి భాగమేనట. చూస్తున్నవాడికి కూడా ఇందులో బాధ్యత ఉందని దీనర్థం. సీరియల్ ఇచ్చిన అసలు పాఠం ఇదేనని నా అభిప్రాయం. నమ్మకం అనేది చెప్పేవాడి గుణం మాత్రమే కాదు, వినేవాడి పని కూడా. 45 భాగాల పాటు ఒక అమెరికన్ కుర్రాడి పొంతన లేని మాటల్ని ఓపిగ్గా పొంతన చేసుకున్న చదువుకున్న ప్రేక్షకుడు, తన ఆఫీసు కుర్చీలో కూర్చున్నప్పుడు, జడ్జి కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ ఓపిక ఎక్కడ పెడుతున్నాడు? దళిత సాహిత్య విమర్శ అడగాల్సిన ప్రశ్న ఇది. మన ఆత్మకథల్లో, వాంగ్మూలాల్లో తేదీలు తప్పినచోట సిగ్గుపడి దిద్దుకోవడం కాదు, ఆ తప్పు ఏ దెబ్బ వల్ల వచ్చిందో చదివే పద్ధతి మనం తయారు చేసుకోవాలి.

మొన్న సెలవులకు పోయినప్పుడు నాయన చెప్పిన మూడు మాటల్నీ ఒక నోటుబుక్కులో పక్కపక్కన రాశాను. తెల్లమచ్చ రోగం ఈ తీరానికి 1994, 95ల్లో వచ్చింది. చెల్లెలు పుట్టిన ఏడు దానికి ముందేడే. ఇల్లు పడిపోయింది కూడా అంతకు ముందే అని అమ్మ చెప్పింది. మూడు మాటలూ ఒకే ఏటిని చూపిస్తున్నాయి. నాయన పూటకో మాట చెప్పలేదు. ఒకే మాటను మూడు రకాలుగా చెప్పాడు. కూడి చూసినవాడు లేడు, అంతే.