పుటలు మారే తెరలు

గోడ గడియారం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. వేళ తెలియాలంటే తల ఎత్తి చూస్తే చాలు. పూర్వపు యుద్ధ విమానాలలో పైలట్ ఎదుట ఉండే ముళ్ల పరికరాలకు ఈ సుగుణం ఉండేది. వేగానికి ఒకటి, ఎత్తుకు ఒకటి, ఇంధనానికి ఒకటి. అయితే రాడార్లు, క్షిపణులు వచ్చిన కొద్దీ పరికరాలు పెరిగినవి. వాటిని అమర్చడానికి చోటు చాలకపోయింది.

ఈ చిక్కుకు అమెరికాలో 1978 నవంబరు 18న తొలిసారి ఎగిరిన ఎఫ్/ఎ-18 హార్నెట్ విమానం చక్కని పరిష్కారం చూపింది. పైలట్ ఎదుట ముఖ్యమైన తెరలు మూడు. ప్రతి తెర చుట్టూ, వైపుకు అయిదు చొప్పున, 20 మీటలు ఉన్నవి. మీట పక్కన తెరపై కనిపించే అక్షరాలే ఆ క్షణంలో దాని పనిని తెలుపుతవి. పుట మారితే మీట పని కూడా మారుతుంది. ఒక తెర చెడితే దాని పుటను మరొక తెరపైకి తెచ్చుకోవచ్చును.

ఇందులో సౌకర్యం ఎంతో, ప్రమాదమూ అంతే. తెరపై లేని పుట పైలట్ కంటికి లేనట్లే. అది ఎక్కడ దొరుకుతుందో అతడు గుర్తుంచుకోవాలి. కంటికి తగ్గిన శ్రమ జ్ఞాపకశక్తిపై పడిందన్నమాట. రూపకర్తలు ఈ సంగతి ఎరుగనివారు కారు. అందుకే హార్నెట్ ‘సి’ రకంలో ఇంధనాన్ని, ఇంజన్ల స్థితిని చూపడానికి విడిగా ఒక పరికరం ఉంచారు. ఆపత్సమయంలో పనికివచ్చేటట్లు వేగానికీ, ఎత్తుకూ పాత తరహా పరికరాలను కూడా నిలిపారు.

మరొక సంగతి చేతి బరువు. తీవ్రమైన మలుపులో పైలట్ శరీరం ఏడు రెట్లు బరువెక్కవచ్చును. మూడు కిలోల చేయి ఇరవై కిలోలకు మించి తూగుతుంది. అటువంటప్పుడు దానిని చాచి తెర పక్కన మీట నొక్కడం సామాన్యం కాదు. కనుకనే పోరాటంలో కావలసిన ముఖ్యమైన మీటలను పైలట్ చేతులు వదలని రెండు పిడులపై అమర్చారు.

ఈ విమానాన్ని అనుకరించే కంప్యూటర్ సిమ్యులేటర్‌ను ఈగిల్ డైనమిక్స్ సంస్థ 2018 మే నెలలో విడుదల చేసింది. పుటల వరుసను, మీటల పనిని ఎంతో శ్రద్ధగా అనుసరించడం దీని గొప్ప గుణం. ఏ మీట తరువాత ఏది నొక్కాలో ఇంట కూర్చుని నేర్చుకోవచ్చును. కాని చాలామంది మీటను మౌస్‌తో నొక్కుతారు. అప్పుడు వరుస మనసుకు పట్టుబడుతుంది గాని, మీట ఉన్న చోటు చేతికి పట్టుబడదు. పైగా కుర్చీలో చేయి తేలికగా ఉంటుంది. మీటలను పిడులపైకి ఎందుకు చేర్చారో ఒంటికి తెలియదు. శిక్షణ కేంద్రాలలో నేలపై కదిలే సిమ్యులేటర్లు సైతం ఆ బరువును ఎక్కువసేపు కలిగించలేవు.

ఇరవై మీటల చట్రమూ, పిడులూ తెచ్చుకుంటే ఈ లోపం కొంత తీరుతుంది. పూర్తిగా తీరదు. సిమ్యులేటర్ తెరను చదవడం నేర్పే మంచి బడి. ఆ తెరను భారమైన చేతితో, క్షణాలలో చదవడం నేర్పేది ఆకాశమే. ఈ భేదం మరవని విద్యార్థికి దాని వలన మేలు. మరచినవానికి లేని నేర్పు ఉన్నదనే భ్రమ మిగులుతుంది.