దేవదాసు చాటున చంద్రముఖి

తాగుడు నుంచి కోలుకునే మనిషి ముందు రెండు పనులుంటాయి. ఒకటి సీసా వదలడం. రెండోది, సీసా లేని తనను ఊహించుకోవడం. మనిషి తన గురించి మనసులో గీసుకునే ఇలాంటి బొమ్మను మనస్తత్వశాస్త్రంలో స్వీయభావన అంటారు. ఈ బొమ్మ గీసుకోవడానికి సాహిత్యం, సినిమా మనకు ఏ నమూనాలు ఇచ్చాయని అడగడం విమర్శకుడి పని. తెలుగువాళ్లకు అందిన నమూనాల్లో బహుశా అన్నిటికన్నా బలమైనది దేవదాసు.

శరత్ చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో, అక్కినేని నాగేశ్వరరావు నాయకుడిగా తెలుగు సినిమా 1953లో వచ్చింది. ఆ తర్వాత ఆ పేరు మనకు సామాన్య నామమైపోయింది. ప్రేమ విఫలమై గడ్డం పెంచిన కుర్రాణ్ణి హనుమకొండలోనైనా, నర్సంపేటలోనైనా ‘దేవదాసు అయిండు’ అంటారు. ఆ మాటలో వెక్కిరింపు సగం, మెచ్చుకోలు సగం. నన్నడిగితే ఆ మెచ్చుకోలే ఎక్కువ ప్రమాదం. నాగేశ్వరరావు నటన గొప్పది. గొప్పది కాబట్టే తాగుడుకు కూడా అందం అంటింది.

నవలలో ఒక ఘట్టం గమనించండి. ఇక తాగనని మాట ఇమ్మని పార్వతి అడుగుతుంది. ఇవ్వలేనంటాడు దేవదాసు. తనను ఇక తలుచుకోనని ఆమె మాట ఇవ్వగలదా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అంటే అతని లెక్కలో తాగుడు ప్రేమకు సాక్ష్యం. మానేస్తే ప్రేమికుడు కూడా పోతాడు, ఇంకెవరూ మిగలరు. కాలేయం చెడిందని తెలిసినా ఆగకపోవడానికి బలహీనత ఒక్కటే కారణమనుకోను. తాను ఎవరో చెప్పుకోవడానికి అతని దగ్గర మరో మాట లేదు.

మన భాష కూడా ఇక్కడ పెద్దగా సాయం చేయదు. తాగుబోతు, తిండిపోతు, తిరుగుబోతు, పిరికిపోతు: ఒక అలవాటునో గుణాన్నో తీసుకొని మనిషి మొత్తానికి ముద్ర వేసే పదాలివి. దున్నపోతులోని పోతు చెవికి తగులుతూనే ఉంటుంది. మరి పదేళ్లుగా చుక్క ముట్టని మనిషిని ఏమంటాం? ‘తాగుడు మానినోడు’. అప్పుడు కూడా తాగుడుతోనే గుర్తిస్తాం.

అయితే ముద్ర వేసేది ఎవరన్నది కూడా చూడాలి. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో, మానేసి ఏళ్లు గడిచినవాళ్లు కూడా తమను ఆల్కహాలిక్ అనే చెప్పుకుంటారు. అదే బాధ పడ్డవాళ్ల మధ్య, తన నోటితో చెప్పుకునే ఆ మాట జాగ్రత్తను గుర్తుచేస్తుంది. కల్లు కాంపౌండు ముందు నలుగురు నవ్వుతూ విసిరే మాట అలాంటిది కాదు.

ఇప్పుడు చంద్రముఖిని చూడండి. సినిమాలో ఆ పాత్ర లలిత ధరించింది. కథలో నిజంగా జీవితం మార్చుకున్నది ఆమే. వృత్తి వదిలింది, నగలు వదిలింది. నవలలోనైతే పల్లెకు చేరి మట్టి ఇంట్లో సాదాగా బతుకుతుంది, ఇరుగుపొరుగుకు అక్కరకు వస్తుంది. ‘నేను మంచిదాన్ని’ అని ఆమె ముందు నమ్మి తర్వాత మారలేదు. ఇల్లు మారింది, పనులు మారాయి, చుట్టూ మనుషులు మారారు. వాటి వెనకే తన మీద తనకు గౌరవం వచ్చింది. కోలుకునేవాళ్ల విషయంలోనూ ఈ వరుస పనికొస్తుందని నా అభిప్రాయం. ‘నువ్వు గొప్పవాడివి’ అని పదిసార్లు చెప్పడం కన్నా, పిల్లను బడిలో దింపే పని అప్పగించి, దింపినందుకు ఆశ్చర్యపోకుండా ఉండడం మేలు.

ఈ పోలికకు హద్దు ఉంది. చంద్రముఖిది వ్యసనం కాదు, లోకం వేసిన మచ్చ. శరీరం మత్తుకు బానిసైనప్పుడు వైద్యం కావాలి. ఏళ్లుగా బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మీ ఇంట్లో అలాంటివారుంటే ఈ పాఠం పక్కన పెట్టి ముందు డాక్టరును కలవండి, లేదా 14446 జాతీయ ఉచిత సహాయ నంబరుకు ఫోన్ చేయండి.

సినిమా చివర దేవదాసు పార్వతి వాకిట్లో ప్రాణం విడుస్తాడు, ప్రేక్షకులు కన్నీళ్లతో లేస్తారు. చంద్రముఖి ఏమైందని అడిగినవాళ్లు నాకు తరగతిలో చాలా అరుదుగా కనిపించారు.

అభ్యాసం: వ్యసనం మానిన తర్వాతి జీవితం చిత్రించిన తెలుగు కథ గానీ, సినిమా గానీ ఒకటి ఎంచుకోండి. అందులో ఆ మనిషిని ఇతరులు ఏ పేరుతో పిలుస్తారో, తాను ఏమని చెప్పుకుంటాడో రెండు పేజీల్లో పరిశీలించండి. అలాంటిది దొరకకపోతే, ఎందుకు దొరకలేదో రాయండి.