"అవగాహన లేదు" అనే మాట గురించి

సర్వేలో రేషన్ కార్డు లేని ఇల్లు కనబడితే కారణం గడిలో మనం రాసే మాట ఒకటే: "అవగాహన లేదు". ఉపాధ్యాయులుగా మేమూ చాలాసార్లు అదే రాశాం. ఆ మాటతో ఫారం నిండుతుంది, తప్పు ఆ ఇంటివాళ్ల మీద పడుతుంది, ఇంకెవరూ జవాబు చెప్పనక్కరలేదు. అది నిజమేనా అని ఇప్పుడైనా అడగాలి.

బియ్యం ఇస్తారని కొండ మీద తెలియనివారు లేరు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. డీఆర్ డిపో ఎక్కడో ముసలమ్మలూ చెబుతారు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. మరి తెలిసీ ఎందుకు అడగరు?

ఇంట్లోనే కాన్పైన బిడ్డ సంగతి చూడండి. పుట్టిన సర్టిఫికెట్ లేదు. అది లేక ఆధార్ లేదు. ఆధార్ లేక కార్డులో పేరెక్కదు. తల్లి కూలి మానుకుని, జీపు ఖర్చు పెట్టుకుని మండలానికి వెళుతుంది. సర్వర్ లేదు, రేపు రమ్మంటారు. మళ్లీ వెళితే ఇంకో కాగితం అడుగుతారు. దక్కేది నెలకు 5 కిలోలు. మూడోసారి ఆమె వెళ్లకపోతే దాన్ని అవగాహన లేకపోవడం అందామా? ఆమె లెక్క సరిగానే ఉంది.

సిగ్గు కూడా ఉంది. ఇంట్లో గింజలు అయిపోతే మనవాళ్లు పక్కింట బదులు తెస్తారు, పంట వచ్చాక తీరుస్తారు. అందులో చిన్నతనం లేదు. రాని భాషలో, పదిమంది ముందు, కసురుకునే మనిషికి తమ పేదరికం నమ్మించాల్సి రావడమే చిన్నతనం.

కార్డు ఉన్నవాళ్ల బాధలు వేరు. పోడు పనికి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అది చూసిన పక్కింటివాళ్లు కార్డు కోసం తిరగడమే మానేస్తారు.

అసలు చట్టం ఏమంటోంది? అర్హుల కుటుంబాలను గుర్తించే పని రాష్ట్ర ప్రభుత్వానిదని 10వ సెక్షన్ చెబుతోంది. ఆదిమ తెగల కుటుంబాలన్నింటికీ అంత్యోదయ కార్డులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2003 మే 2న ఆదేశించింది. అంటే ప్రభుత్వమే వెతికి ఇవ్వాలి. ఆచరణలో ఆకలిగొన్నవాళ్లే తిరిగి తిరిగి అడగాల్సి వస్తోంది.

మన బడిలో మధ్యాహ్న భోజనానికి దరఖాస్తు లేదు. గంట కొడతారు, పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో కూర్చుంటారు. ఎవరూ పేదరికం రుజువు చేసుకోనక్కరలేదు. ఏ అవగాహన సదస్సూ పెట్టకుండానే అందరూ తింటారు. ఇది రోజూ చూస్తూ కూడా మనం ఆ మాట ఎలా రాశాం?

ఇకనుంచి ఆ గడిలో ఉన్నదే రాద్దాం: "పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వలేదు", "రెండుసార్లు తిప్పి పంపారు", "వేలిముద్ర పడలేదు". వీటికి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి. చదువుకున్న పిల్లలు సంత రోజున బడి అరుగు మీద కూర్చుని, మన భాషలో అడిగి ఫారాలు నింపండి. ఇచ్చిన ప్రతి ఫారానికీ రసీదు తీసుకోండి. ఊరంతా కలిసి వెళితే ఒక్క మనిషిని కసిరినట్టు కసరలేరు.