నేల కదలకుండా మడ్డి తీయడం

చేపల తొట్టె కడగడమంటే మన ఇళ్లలో చాలామందికి తెలిసింది ఒకటే. చేపల్ని బకెట్లోకి మార్చి, రంగురాళ్లన్నీ తోడి, కుళాయి కింద తళతళలాడేదాకా రుద్దడం. ప్లాస్టిక్ మొక్కల తొట్టెకు అది ఎలాగోలా చెల్లిపోతుంది (దానికీ మంచిది కాదు, సరే). నిజం మొక్కలు వేళ్లూనిన తొట్టెలో మాత్రం ఆ పని చేస్తే తోట మొత్తం పీకేసినట్టే. జపాన్‌లో పుట్టిన ‘నేచర్ అక్వేరియం’ పద్ధతిలో సూత్రం చిన్నది: పైన పడింది తీసెయ్, కింద ఉన్నదాని జోలికి పోకు. ఓపికంతా ఆ రెండో సగానికే కావాలి.

ఈ పద్ధతికి ఆద్యుడు తకాషి అమానో (1954–2015). నీగాతా ప్రాంతం ఆయనది. సైకిల్ పందేలు వృత్తిగా తొక్కి, ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకుని, 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థ పెట్టారు. ఆయన చివరి పెద్ద పని లిస్బన్ అక్వేరియంలో 2015లో తెరిచిన తొట్టె: 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లు. అంత తొట్టెలోనైనా, బల్ల మీద పెట్టుకునే చిన్నదానిలోనైనా అడుగున ఉన్నది అలంకారం కాదు, పంట నేల. కింద సన్నటి రంధ్రాలున్న అగ్నిపర్వత రాయి పలుకులు, వాటి మీద మట్టిని కాల్చి చేసిన గుళికలు. ఆ సందుల్లో కాపురముండే బాక్టీరియా చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మొక్కలు తీసుకుంటాయి. చేప రెట్ట, రాలిన ఆకు, మిగిలిన మేత కలిసి మడ్డి అవుతాయి. అందులో కొంత ఎరువే. పేరుకుపోయినది పాచికి మేత.

అందుకే ఇక్కడ సైఫన్ గొట్టాన్ని నేలలో గుచ్చరు. గుచ్చితే గుళికలు చిదిమిపోయి నీళ్లు గోధుమరంగు తిరుగుతాయి. సన్నటి గొట్టం మూతిని నేలకు అంగుళం ఎత్తున ఉంచి, రెండో చివర బకెట్ దగ్గర వేలితో సగం నొక్కిపట్టాలి. లాగుడు తగ్గుతుంది. గ్లోసోస్టిగ్మా లాంటి పొట్టి మొక్కల పరుపు మీద రెండో చేత్తో మెల్లగా గాలి విసిరినట్టు నీటిని కదిపితే ఆకుల సందుల్లోని మడ్డి పొగలా లేస్తుంది. గొట్టం దాన్ని మింగేస్తుంది. ఆకు కదులుతుంది, వేరు కదలదు. బకెట్ నిండేసరికి వారానికి మార్చాల్సిన మూడో వంతు నీళ్లూ బయటికి వచ్చేస్తాయి. ఒక పనిలో రెండు పనులు.

తొట్టె ముందుభాగంలో పరిచే తెల్ల ఇసుక కథ వేరు. అక్కడ మొక్కలుండవు, మడ్డి దాక్కోవడానికి చోటూ ఉండదు. ఒక్క నల్ల రేణువు పడ్డా కంటికి గుచ్చుకుంటుంది. దాన్ని కడగాలని చూడరు. మురికి పట్టిన పైపొరను గొట్టంతో లాగేసి, కొత్త ఇసుక పలచగా చల్లుతారు. నాకు ఇది కొంచెం దుబారా అనిపిస్తుంది. కానీ ఇసుకను కెలికితే పక్కనున్న మట్టి గుళికలు అందులో కలిసిపోతాయి, ఏరడం ఎవరి తరమూ కాదు.

అద్దానికీ మట్టికీ మధ్య సన్నని గీతలో నీలిపచ్చ పొర పట్టడం అందరికీ ఎదురయ్యేదే. వెలుతురు అద్దం గుండా మట్టిలోకి దూరుతుంది కదా. పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి ఆ సందులోకి దించి గీకుతూ, పక్కనే గొట్టం పట్టుకుంటే సరి. బయటినుంచి ఆ ఎత్తువరకు నల్ల టేపు అంటిస్తే మళ్లీ అంత త్వరగా రాదు.

ఇంతకీ కింది పొరను కదపకపోతే కుళ్లదా? నీళ్లు నిలిచిన వరిమడిలో కాలు దిగబడగానే కుళ్లిన గుడ్డు కంపు కొట్టే నల్లమట్టి మనకు కొత్త కాదు. గాలి అందని మట్టిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. అయినా అదే మట్టిలో వరి బతుకుతుంది. ఆకులనుంచి ఆక్సిజన్‌ను వేళ్లకు దింపి, చుట్టూ మట్టిలోకి కొంత వదులుతుంది. తొట్టెలో వేళ్లూనిన నీటిమొక్కలు చాలావరకు చేసేదీ అదే పని. మొక్కలు దట్టంగా ఉన్న నేల ఆరోగ్యంగా ఉంటుంది. బోసి నేల, మరీ మందంగా పోసిన నేల కుళ్లుతుంది. మొక్కల కన్నా ముందు మేత డబ్బాను అదుపులో పెట్టాలన్నది వేరే సంగతి.

సాయానికి రొయ్యలున్నాయి. జపాన్‌లో యామాటో నుమా ఎబి అనే చిన్న రొయ్యను పాచి తినడానికి వాడకంలోకి తెచ్చింది అమానోనే. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని ఆయన పేరుతోనే అమానో రొయ్య అంటోంది. అది పాచి పీచునూ, కుళ్లిన ఆకునూ తింటుంది. మడ్డిని మాయం చేయదు, తిన్నది మళ్లీ అక్కడే వదులుతుంది. మట్టిలో దూరి తిరిగే మలేషియా నత్తలు కింది పొరను నెమ్మదిగా తిరగేస్తాయి. వీటిని కొనితెచ్చి గొట్టం అటక మీద పెట్టేసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

జాగ్రత్త ఎక్కువ కావాల్సింది మొక్క పీకేటప్పుడు. ముదిరిన మొక్కను ఒక్క ఊపున లాగితే కిందిపొర పోషకాలన్నీ నీళ్లలో కలుస్తాయి, కొన్నాళ్లకే అద్దం నిండా పాచి. అలా కాక కాండాన్ని మొదట్లో కత్తిరించి వేళ్లను మట్టిలోనే వదిలేయవచ్చు. తీయక తప్పకపోతే చుట్టూ వేళ్లు కోసి, మొక్క మొదలు దగ్గర గొట్టం మూతి ఉంచి, మట్టి లేచే కొద్దీ పీల్చేసేలా మెల్లమెల్లగా పైకి తీయాలి. ఆ రోజు నీళ్లు కాస్త ఎక్కువే మార్చాలి, పోసే కుళాయి నీళ్లలో క్లోరిన్ విరిచాకే.